పేరు చివర చదవాలి



ఈ పూట ఒక కొమ్ము గురించి మాట్లాడుకుందాం. ఊదే కొమ్ము కాదు, తుపాకిమందు పోసుకునే కొమ్ము. రెండు మూడు వందల ఏళ్ల కిందట తుపాకిలో మందు వేరుగా, గుండు వేరుగా కూరేవారు. ఆ మందు తడిసిందా, తుపాకి ఉన్నా లేనట్టే. అందుకని ఎద్దు కొమ్ము తీసుకుని లోపలి ఎముక లాగేసేవారు. వెడల్పుగా ఉన్న వైపు చెక్క బిగించేవారు. మొనకు సన్నటి బెజ్జం వేసి బిరడా పెట్టేవారు. అందులో మందు నింపి, తోలుపట్టీతో భుజానికి తగిలించుకునేవారు. కొమ్ము నీళ్లు పీల్చదు, తుప్పు పట్టదు. ఇనుములాగా రాపిడికి నిప్పురవ్వ రాల్చదు. బరువూ ఉండదు. తుపాకిమందుకు ఇంతకన్నా మంచి డబ్బా ఏముంటుంది?

ఇలాంటి మందుకొమ్ముల మీద బొమ్మలు చెక్కేవారు. పేర్లు, సంవత్సరాలు, కోటలు, నదులు, ఓడలు, జింకలు. ఇప్పుడవి పాతవస్తువులు సేకరించేవాళ్లకు ప్రాణం.

మనకెందుకండీ ఈ గొడవ అంటారేమో. అమెరికాలో పిల్లల దగ్గర ఆరేసి నెలలు ఉండి వచ్చే అమ్మానాన్నలు మనలో చాలామందే ఉన్నారు. బోస్టన్ చుట్టుపక్కలా, న్యూయార్క్ రాష్ట్రంలోనూ, పెన్సిల్వేనియాలోనూ ఊరూరా పాతసామాన్ల దుకాణాలుంటాయి. వారాంతంలో ఇళ్ల ముందు పాతవి పరిచి అమ్ముతుంటారు. అక్కడ ఇలాంటి కొమ్ము ఒకటి చేతికి తగలవచ్చు. దాని మీద ఎవరిదో పేరు, పక్కన 1775 అని అంకెలు. అమ్మేవాడు స్వాతంత్ర్య సమరం నాటిదంటాడు. మరి అది నిజంగా ఎక్కడిది? ఎప్పటిది? తెలుసుకోవడం ఎలా?

నేను చెప్పేది ఒక్కటే మాట. పేరు చివర చదవాలి. ముందు వస్తువును చదవాలి.

మన ఇళ్లలోని ఇత్తడి బిందె గుర్తు తెచ్చుకోండి. పెళ్లిలో పెట్టిన బిందె మీద పేరు చెక్కి ఉంటుంది. ఫలానా సుబ్బలక్ష్మి అని, కింద తారీఖు. ఆ బిందె సుబ్బలక్ష్మి చేసిందా? లేదు. ఆ తారీఖున తయారైందా? అదీ చెప్పలేం. అది పెళ్లి తారీఖు. బిందె అంతకు ఏడాది ముందే దుకాణంలో ఉండొచ్చు. వాళ్ల అమ్మమ్మ బిందెకే కొత్తగా పేరు వేయించి ఉండొచ్చు. అది శ్రీకాకుళం వైపు బుడితిలో చేసిందా, గోదావరి వైపు అజ్జరంలో చేసిందా అన్నది పేరు చెప్పదు. మూతి, అంచు, అడుగు, సుత్తి దెబ్బలు చెప్తాయి. చేయి తిరిగిన కంచరి ఆ పేరు వైపు కన్నెత్తి కూడా చూడడు. బిందెను తిరగేసి అడుగు చూస్తాడు.

మందుకొమ్ము విషయంలోనూ అంతే. తిరగేసి చూడాలి.

ముందుగా, అసలది కొమ్మేనా? ఇవాళ ప్లాస్టిక్‌తో పోతపోసినవి వస్తున్నాయి. భూతద్దం పెట్టి చూడండి. కొమ్ము పొరలు పొరలుగా పెరుగుతుంది. అంచుల దగ్గర, పగిలిన చోట ఆ పొరలు కనిపిస్తాయి. ఎముక అయితే చిన్న చిన్న చుక్కలు, గీతలు కనిపిస్తాయి. అవి ఒకప్పుడు నెత్తురు పారిన దారులు. ఏనుగు దంతాన్ని అడ్డంగా కోసిన చోట ఒకదాన్నొకటి దాటే వంపు గీతలు వలలా అల్లుకుని ఉంటాయి. ప్లాస్టిక్‌లో ఇవేవీ ఉండవు. రెండు అచ్చులు కలిసిన చోట సన్నటి అతుకు గీత మాత్రం దొరకొచ్చు. కొందరు సూది కాల్చి గుచ్చి చూడమంటారు. దయచేసి ఆ పని చేయకండి. అసలైనదైతే దానికి మీరే కొత్త గాయం చేసినవాళ్లవుతారు.

తర్వాత, ఏ జంతువు కొమ్ము? ఆవు, ఎద్దు కొమ్ము సాధారణంగా గుండ్రంగా, లేతరంగులో ఉంటుంది. బాగా గీకితే దీపానికి అడ్డంగా పెట్టినప్పుడు వెలుగు కనిపిస్తుంది. లోపల మందు ఎంత ఉందో బయటి నుంచే తెలిసేది. మన గేదె కొమ్ము అలా కాదు. నల్లగా, బల్లపరుపుగా, అడ్డంగా గాట్లు తీరి ఉంటుంది. 1775లో బోస్టన్ దగ్గరి రైతుల దొడ్లలో మన గేదెలు లేవు. కాబట్టి గేదె కొమ్ము మీద బోస్టన్ 1775 అని ఉంటే, ఆ కొమ్ము ఆసియా వైపు నుంచి వచ్చిందని, రాత తర్వాత ఎప్పుడో వేసిందని గట్టిగా అనుమానించాలి. చూశారా, రాత నోరు తెరవకముందే కొమ్ము సాక్ష్యం చెప్పేసింది.

ఇక ఆకారం. ఇక్కడ దేశాలు విడిపోతాయి. స్కాట్లండ్ వాళ్లు కొమ్మును వేడితో మెత్తబరిచి, అదిమి చదును చేసేవారు. దాని మీద మెలికలు తిరిగిన అల్లిక ముగ్గులు, చక్రాల్లాంటి పూలు చెక్కేవారు. వాటిలో చాలావాటి మీద 17వ శతాబ్దపు సంవత్సరాలు కనిపిస్తాయి. జర్మనీ వైపు 16వ శతాబ్దంలో జింక కొమ్ము వాడేవారు. జింక కొమ్ము ఎక్కడైతే రెండు కొమ్మలుగా చీలుతుందో అక్కడ కోసి, పంగల కర్రలా ఉండే డబ్బా చేసేవారు. దాని మీద బైబిలు కథలు, పురాణ పురుషులు. మొగలుల కాలంలో మన దేశంలో చేసినవి మరీ వేరు. అవి ఏనుగు దంతంవి, వంపు తిరిగినవి. చివర జింక తల ఉంటుంది. ఒంటి నిండా ఒకదాన్నొకటి పట్టుకున్న జంతువులు కిక్కిరిసి ఉంటాయి. వాటిలో కొన్ని ఇవాళ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. పనితనం విషయానికొస్తే, నా దృష్టిలో వాటి ముందు అమెరికా కొమ్ములు నిలవవు. కాకపోతే అమెరికా కొమ్ముల్లో మామూలు మనిషి చేయి కనిపిస్తుంది. దాని అందం దానిది.

అమెరికాలోనే మళ్లీ తేడాలు. పెన్సిల్వేనియా ఆగ్నేయ భాగంలో కొమ్ముపని వృత్తిగా చేసుకున్నవాళ్లు ఉండేవారు. వాళ్లు కొమ్ము మొనను చిత్రిక పట్టి, మర తిప్పి, విప్పి బిగించేలా చేసేవారు. ఆ మర మొన కనిపిస్తే మన చూపు పెన్సిల్వేనియా వైపు, అక్కడి నుంచి దక్షిణానికి వలసపోయిన కుటుంబాల వైపు తిరగాలి. వాటి మీద చెక్కుడు తక్కువ. నునుపే వాటి సొగసు. బొమ్మలతో నిండిన కొమ్ములు ఎక్కువగా న్యూ ఇంగ్లండ్, న్యూయార్క్ ప్రాంతాల సైనికులవి.

ఎందుకు వాళ్లవే? బ్రిటిష్ రాజు జీతమిచ్చే పటాలాలకు మందూ గుండూ కలిపి కాగితం పొట్లాలుగా కట్టి ఇచ్చేవారు. ఊళ్ల నుంచి పిలిస్తే వచ్చిన రైతు సైనికులకు అంత వైభోగం లేదు. ఎవరి కొమ్ము వాళ్లు తెచ్చుకోవాలి. పదిమంది కొమ్ములు ఒకచోట చేరితే ఏది ఎవరిదో తెలియాలి. అందుకే పేరు. పైగా శిబిరంలో పని తక్కువ, ఎదురుచూపు ఎక్కువ. 1775 ఏప్రిల్ నుంచి 1776 మార్చి దాకా ఈ రైతు సైనికులు బ్రిటిష్ సేన ఉన్న బోస్టన్ నగరాన్ని చుట్టుముట్టి కూర్చున్నారు. దాదాపు 11 నెలలు. రాక్స్‌బరీ, కేంబ్రిడ్జ్, వింటర్ హిల్ అని శిబిరాల పేర్లున్న కొమ్ములు ఆ రోజుల్లోవే. చేతిలో కత్తి ఉంది, ఎదురుగా కొమ్ము ఉంది, బోలెడంత తీరిక ఉంది.

అంతకు 20 ఏళ్ల ముందు ఫ్రెంచివాళ్లతో జరిగిన యుద్ధంలోనూ ఇదే. ఆ యుద్ధం నాటి కొమ్ముల మీద పటాలు గీశారు. హడ్సన్ నది న్యూయార్క్ దగ్గర మొదలై కొమ్ము పొడవునా పైకి పాకుతుంది. ఆల్బనీ ఊరు వస్తుంది. అక్కడి నుంచి ఒక దారి మోహాక్ నది వెంట ఆస్వీగో కోట దాకా, ఇంకో దారి లేక్ జార్జ్ మీదుగా ఉత్తరానికి. ఇళ్లు, కోటలు, పడవలు, పైన ఇంగ్లండు రాజుగారి చిహ్నం. 1762లో క్యూబాలోని హవానా మీదికి దండెత్తి వెళ్లినవాళ్లు ఆ రేవు పటం చెక్కించుకున్నారు.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. కొమ్ము మీద హవానా ఉంటే కొమ్ము క్యూబాలో తయారైందనుకుంటారు. పటం, ఆ మనిషి ఎక్కడ తిరిగాడో చెప్తుంది. కొమ్ము ఎక్కడ పుట్టిందో చెప్పదు. పటం చెక్కే పనివాళ్లు వేరే ఉండేవారు. కొన్ని పటాల కొమ్ముల మీద పేరు రాసుకోడానికి వదిలిన చట్రం అలాగే ఖాళీగా మిగిలిపోయి కనిపిస్తుంది. కొనుక్కున్నవాడు రాసుకోలేదు, అంతే. అంటే కొమ్ము ఒక చేతిది, పటం ఒక చేతిది, పేరు మరో చేతిది కావొచ్చు. ఒకే కొమ్ము మీద ముగ్గురు.

ఆ చేతుల్లో ఒకరి గురించి చెప్పాలి. జాన్ బుష్ అని మసాచుసెట్స్‌లోని ష్రూస్‌బరీకి చెందిన నల్లజాతి సైనికుడు. 1755లో లేక్ జార్జ్ శిబిరంలో ఉన్నాడు. ఆయన చెక్కిన అక్షరాలు చూస్తే ఎవరో రాయసగాడు ఈకకలంతో రాశాడనిపిస్తుంది. వంపులు, అల్లికలు, అక్షరాల చుట్టూ తీగలు. ఆయన చెక్కినవని నిపుణులు చెప్పే కొమ్ముల మీద పెద్దగా కనిపించేది ఆయన పేరు కాదు. ఫలానా అధికారి, అతని కొమ్ము అని ఉంటుంది. 1757 ఆగస్టులో అక్కడి విలియం హెన్రీ కోట ఫ్రెంచి సేనాని మోంకామ్‌కు లొంగిపోయినప్పుడు బుష్ బందీ అయ్యాడు. బందీగానే చనిపోయాడు. ఆయన బాణీ మాత్రం తర్వాతి చెక్కుడుగాళ్లు అందిపుచ్చుకున్నారు. దాన్ని లేక్ జార్జ్ బాణీ అంటారు. విలియం గుత్‌మన్ అనే పరిశోధకుడు 1993లో వేసిన పుస్తకంలో ఇలాంటి చేతుల్ని విడదీసి చూపించాడు. ఆయన చూసింది ఎవరి పేరుందని కాదు. అక్షరం ఎలా తిరిగిందని. అంచు పట్టీ ఎలా వేశారని. చెట్టుకు ఆకులు ఎలా గీశారని. రాసినవాడు చేతిరాతలో దొరికిపోయాడు.

ఇప్పుడు, ఇప్పుడే, పేరు దగ్గరికి వద్దాం. పేరు చివర చదవాలన్నాం కదా. చదివేటప్పుడు కూడా మాట కన్నా అక్షరం చూడాలి. 18వ శతాబ్దంలో ఇంగ్లిషు ‘ఎస్’ అక్షరాన్ని మాట మధ్యలో వస్తే నిలువుగా, పొడుగ్గా, ఇంచుమించు ‘ఎఫ్’లా రాసేవారు. ‘జె’ రాయాల్సిన చోట ‘ఐ’ రాసేవారు. జాన్ అనే పేరు ‘ఐ’తో మొదలైతే కంగారు పడకండి, అది మంచి శకునం. అక్షరదోషాలు, తిరగబడ్డ అక్షరాలు కూడా ఆ రైతుకుర్రాళ్లకు సహజమే. అయితే ఈ సంగతి దొంగముద్రలు వేసేవాళ్లకూ తెలుసు. కావాలని తప్పులు రాస్తారు. అందుకే దీని మీదే ఆధారపడకూడదు.

సంవత్సరాన్నీ బొమ్మనీ ఎదురెదురుగా నిలబెట్టి అడగండి. 1757 అని ఉండి, పక్కన ఫోర్ట్ పిట్ అని కోట పేరుంటే? ఆ చోట 1758 నవంబరు దాకా ఉన్నది ఫ్రెంచివాళ్ల కోట, పేరు ఫోర్ట్ డ్యుకేన్. బ్రిటిష్ వాళ్లు ఆ చోటు పట్టుకున్నాకే అక్కడ ఫోర్ట్ పిట్ వెలిసింది. 1775 అని ఉండి, చుక్కలూ చారలూ ఉన్న అమెరికా జెండా ఉంటే? ఆ జెండా తీర్మానం 1777 జూన్ 14న జరిగింది. అంటే బొమ్మ తర్వాత చేరింది. కొమ్ము పాతదే కావొచ్చు సుమా. బొమ్మ మాత్రం కాదు.

అసలు మోసమంతా ఇక్కడే ఉంది. పూర్తిగా కొత్త కొమ్మును పాతదని అమ్మడం కష్టం. పాత బోడికొమ్ము తీసుకుని దాని మీద కొత్తగా చెక్కడం సులువు. బోడికొమ్ముకు ధర తక్కువ. వీరుడి పేరు, యుద్ధం పేరు పడితే ధర ఎక్కడికో పోతుంది. ఇలాంటి కొమ్మును మామూలు పద్ధతిలో పరీక్షిస్తే ప్రతిదీ సరిపోతుంది. కొమ్ము పాతది, చెక్క పాతది, మేకులు పాతవి. గీతలొక్కటే నిన్నటివి.

మరి ఎలా పట్టుకోవాలి? టార్చిలైటు తీసుకోండి. పైనుంచి కాకుండా పక్కనుంచి, కొమ్ముకు ఆనించినట్టుగా వెలుగు వేయండి. గీతల అంచులు కనిపిస్తాయి. పచ్చిగా ఉన్నప్పుడు చెక్కిన కొమ్ములో గీత నున్నగా తెగుతుంది. 200 ఏళ్లు ఎండిన కొమ్ములో కత్తి పెడితే అంచులు పెళుసుగా లేస్తాయి. తర్వాత అరుగుదల చూడండి. కొమ్ముకు ఒక పక్క ఒంటికి ఆనుకుంటుంది. ఏళ్ల తరబడి చొక్కాకు, తోలుకు రాసుకుని ఆ వైపు నునుపెక్కుతుంది. ఆ వైపు గీతలు కూడా అరిగిపోవాలి. కొమ్ము పైభాగం అరిగి, గీతలు మాత్రం పదునుగా ఉన్నాయంటే, అరిగిన తర్వాత గీశారన్నమాట. పురుగు తిన్న గుంటలు కూడా సాక్షులే. కొమ్మును పురుగు తింటుంది. గీత పురుగు గుంటలోకి దిగి మళ్లీ అవతలికి ఎక్కితే, పురుగు ముందు, గీత తర్వాత. గుంట గీతను మింగేసి ఉంటే, గీత ముందు, పురుగు తర్వాత. పురుగుకు ఎవరూ డబ్బులివ్వలేరు కదా, దాని సాక్ష్యం నమ్మొచ్చు.

అడుగు చెక్కను వదిలేయకండి. చెక్కను బిగించినవి చెక్కమేకులా, కమ్మరి కొట్టిన నలుపలకల ఇనుప మేకులా, యంత్రం మీద వచ్చిన గుండ్రటి తీగమేకులా చూడండి. గుండ్రటి తీగమేకులు 19వ శతాబ్దం చివర్లోగాని మామూలు కాలేదు. అయితే తర్వాత ఎవరో రిపేరు చేసి ఉండొచ్చు. మేకు ఒక్కటే చూసి కొమ్మును కొట్టిపారేయకూడదు. పక్కనే పాత మేకు బెజ్జాలున్నాయేమో వెతకాలి.

ఇంకో మంచి ఆధారం ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో కానాజోహరీ అనే ఊళ్లో రూఫస్ గ్రైడర్ అని ఒక బడిపంతులు ఉండేవాడు. 1880ల నుంచి 1900లో చనిపోయేదాకా కనపడిన మందుకొమ్ముల మీది బొమ్మల్ని చదునైన కాగితం మీద పరిచినట్టు రంగుల్లో గీశాడు. అలా వందల కొమ్ములు. ఆ బొమ్మలు న్యూయార్క్ హిస్టారికల్ అనే సంస్థలో ఉన్నాయి. మీ చేతిలోని కొమ్ము ఆయన కాగితం మీద దొరికిందంటే, కనీసం ఆ కాలానికే దాని మీద ఆ చెక్కుడు ఉందని రుజువు. పంతులుగారు చేసిన పని ఇవాళ నిపుణులకు కొలబద్ద అయింది.

ఇక గీతల్లోని నలుపు సంగతి. చెక్కుడు కనపడడానికి గీతల్లో మసి, సిరా వంటివి రుద్దేవారు. మన విశాఖపట్నం పనివాళ్లు కూడా ఈస్టిండియా కంపెనీ రోజుల్లో దంతం పలకల మీద సన్నగా గీతలు గీసి, అందులో నల్లటి లక్క నింపి పెట్టెలు చేసేవారు. కాబట్టి ఆంధ్రదేశంలో పాత జమీందారీ ఇంట్లో దంతమో కొమ్మో చెక్కిన మందుడబ్బా కనిపిస్తే, దాన్ని అమెరికా లెక్కలతో చూడకండి. మన లెక్కలు మనకున్నాయి.

ఆ మాట వచ్చింది కాబట్టి, చట్టం సంగతి. మన దేశంలో 1972 పురావస్తు చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన ఇలాంటి కళావస్తువును అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. దంతం, జింక కొమ్ము అయితే వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా అడ్డొస్తుంది. అమెరికాలోనూ దంతం మీద ఆంక్షలు గట్టివే. పెట్టెలో సర్దేముందు అడిగి తెలుసుకోండి.

మీకు ఎక్కడైనా కొమ్ము దొరికి, మ్యూజియం వాళ్లను అడగాలనుకుంటే ఒక పని చేయండి. పేరున్న వైపు ఒక్క ఫొటో తీసి పంపకండి. అందరూ అదే చేస్తారు. ఒంటికి ఆనే వైపు తీయండి. అడుగు చెక్క తీయండి. మొన తీయండి. పక్కనుంచి వెలుగు వేసి అక్షరాలు దగ్గరగా తీయండి. పొడవు కొలిచి రాయండి. ఎవరి ఇంటి నుంచి వచ్చిందో తెలిస్తే అదీ రాయండి. నూనె పూయకండి, పాలిషు పట్టకండి. గీతల్లో ఉన్న మురికి కూడా వాళ్లకు కావాలి. ఇన్నీ చేసినా, ఇది న్యూ ఇంగ్లండ్‌ది, 18వ శతాబ్దం చివరిది అని మాత్రమే జవాబు రావొచ్చు. నికార్సయిన నిపుణుడి జవాబు చాలాసార్లు అంతే ఉంటుంది. ఊరు, పేరు, తారీఖుతో సహా క్షణంలో చెప్పేసేవాణ్ని చూస్తే మాత్రం, అతను కొమ్ము అమ్మేవాడేమో కనుక్కోండి.